బొటనవేలి అదురు

హైదరాబాద్ శివార్లలో, మా నారపల్లి దగ్గర, వరంగల్ రోడ్డు పక్కనే, విద్యుత్ పరిశోధన సంస్థ సి.పి.ఆర్.ఐ. వాళ్ళ ప్రయోగశాల ఉంది. లక్షల వోల్టుల కరెంటు ఎక్కించి ఏ ఇన్సులేటరు తట్టుకుంటుందో, ఏది తట్టుకోదో అక్కడ చూస్తారు. బస్సు అటు పక్కనుంచి పోతున్నప్పుడల్లా నాకు ఇంకో కరెంటు గుర్తొస్తుంది. తల మీద అంటించిన తీగకు అందే మెదడు కరెంటు అది. ఒక వోల్టును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఓ యాభై భాగాలు ఉంటుందేమో, అంతే. అంత సన్నటి అలలో ఎడమపక్కకూ కుడిపక్కకూ ఉన్న తేడా పట్టుకుని, ఒక పసిదాని మెదడులో ఏ సగం పాడవుతోందో చెప్పగలిగే మనుషులు ఈ నగరంలోనే ఉన్నారు. వాళ్ళ పనిని దగ్గరగా చూపించాలని చాలాకాలంగా నా కోరిక.

ఆ జబ్బు పేరు రాస్మసెన్ ఎన్‌సెఫలైటిస్. మెదడులో ఒక సగానికే వాపు పడుతుంది. రెండో సగం దాదాపు ఎప్పుడూ నిక్షేపంగా ఉంటుంది. వాపు పట్టిన సగం నెలలు గడిచేకొద్దీ కృశించిపోతూ, మందులకు లొంగని ఫిట్స్ పుట్టిస్తుంది. ఎక్కువగా ఆరేళ్ళ వయసు ప్రాంతంలో మొదలవుతుంది. జర్మనీలో లెక్క తీస్తే, 18 ఏళ్ళు దాటని వాళ్ళు కోటి మంది ఉంటే ఏడాదికి 2.4 కేసులు తేలాయి. చాలామంది పిల్లల డాక్టర్లకు జీవితకాలంలో ఒక్కటీ ఎదురుపడకపోవచ్చు. ఎదురుపడిన రోజు మాత్రం గుర్తుపట్టాలి. ఎందుకంటే ఆలస్యమైన ప్రతి నెలా ఆ బిడ్డ చేతిలోంచీ మాటలోంచీ కొంత కొంత పోతూనే ఉంటుంది.

నారపల్లిలో ఒక ఆరేళ్ళ పాప ఉందనుకుందాం. ఇది ఎవరింటి కథా కాదు. జబ్బు నడిచే తీరు కళ్ళకు కట్టాలంటే ఒక బిడ్డ కావాలి కాబట్టి అనుకుంటున్నాను. మొదటి ఫిట్ రాత్రిపూట వచ్చింది. ఇంట్లో పెద్దావిడ చేతిలో తాళాలు పెట్టింది, తెల్లారగానే దిష్టి తీసింది. దగ్గర్లోని డాక్టరు ఫిట్స్ మందు రాశాడు. నెల బాగానే ఉంది. మళ్ళీ వచ్చింది. మందు పెంచారు, రెండోది కలిపారు. ఈలోగా అమ్మ ఒకటి గమనించింది. పాప టీవీ చూస్తూ కూర్చున్నా, అన్నం తింటున్నా, ఎడమ బొటనవేలు అదురుతూనే ఉంది. పట్టుకుంటే ఆగినట్టే ఆగి మళ్ళీ అదురుతుంది. తెలివిలోనే ఉంటుంది, మాట్లాడుతూనే ఉంటుంది. అమ్మ ఆ చేతిని ఫోనులో వీడియో తీసింది.

ఈ పనితనమంతా ఆ వీడియో దగ్గర మొదలవుతుందని నేను నమ్ముతాను. అది చూడగానే కుర్చీలో ముందుకు వంగే డాక్టరే అసలైన డాక్టరు. అలా ఆగకుండా సాగే అదురును మాస్కోలో కొజెవ్నికొవ్ అనే న్యూరాలజిస్టు 1890లలోనే వర్ణించాడు. శరీరంలో ఒకే చోట గంటలు, రోజులు, ఒక్కోసారి నిద్రలో కూడా సాగే ఫిట్ అది. రాస్మసెన్ జబ్బున్న వాళ్ళలో దాదాపు సగం మందిలో ఇది కనిపిస్తుంది. బొటనవేలూ పెదవి మూలా ఎక్కువగా అదరడానికీ కారణం ఉంది. మెదడు పైపొరలో నడుముకీ వీపుకీ కేటాయించిన జాగా కొంచెమే. బొటనవేలికీ మూతికీ మాత్రం విశాలమైన పొలాలున్నాయి. ఆ పటాన్ని మనకు గీసిచ్చినవాడు మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించిన వైల్డర్ పెన్‌ఫీల్డ్. ఆయన తర్వాత ఆ సంస్థకు డైరెక్టరైన థియోడర్ రాస్మసెన్, ఇద్దరు సహచరులతో కలిసి 1958లో ముగ్గురు పిల్లల గురించి ఒక వ్యాసం అచ్చువేశాడు. ముగ్గురివీ ఒకవైపు ఫిట్సే, మెదడులో ఒకవైపు దీర్ఘకాలపు వాపే. జబ్బుకు ఆయన పేరు అలా వచ్చింది.

మళ్ళీ మన పాప దగ్గరికి వద్దాం. న్యూరాలజిస్టు గదిలో యంత్రాలేవీ లేని పరీక్ష ఒకటి జరుగుతుంది. "బంగారం, రెండు చేతులూ చాపి కళ్ళు మూసుకో" అంటాడు డాక్టరు. పది సెకన్లు గడిచేసరికి ఎడమచేయి కొంచెం కిందికి జారుతుంది, అరచెయ్యి లోపలికి తిరుగుతుంది. బొటనవేలినీ చూపుడువేలినీ టకటకా తాకించమంటాడు. కుడిచేయి పదిసార్లు తాకించేలోగా ఎడమది ఆరుసార్లే. చొక్కా గుండీ పెట్టుకోమంటాడు, నీళ్ళ సీసా మూత తిప్పమంటాడు, వరండాలో పరుగెత్తమంటాడు. అమ్మకు కూడా తెలియని తేడా పరుగులో బయటపడుతుంది. ఒక చేయి ఊగుతుంది, రెండోది ఒంటికి అంటుకుని ఉంటుంది. ఇదంతా ఖరీదులేని పని. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్యమైన మాటా ఇదే: ఈ జబ్బును పట్టడమంటే ఒక పక్కను రెండో పక్కతో పోల్చడం. తర్వాత వచ్చే ప్రతి యంత్రమూ ఆ పోలికనే ఇంకొంచెం లోతుగా చేస్తుంది.

పోల్చడానికి ముందు తోసిపుచ్చాల్సినవి ఉన్నాయి. మన దేశంలో ఒకవైపు ఫిట్స్‌తో వచ్చిన బిడ్డలో ముందు వెతికేది అరుదైన జబ్బును కాదు. బద్దెపురుగు లార్వా మెదడు చేరి కట్టిన చిన్న తిత్తినీ, క్షయ గడ్డనూ ముందు వెతకాలి. స్కానులో కనిపించే ఆ ఒంటరి ఉంగరపు మచ్చను ఒకప్పుడు చాలామంది క్షయే అనుకునేవారు. వెల్లూరు సి.ఎం.సి.లో చాందీ, వేదాంతం రాజశేఖర్ బృందం ఆ మచ్చల్ని తీసి పరీక్షించి, పురుగు తిత్తులని 1989లో లాన్సెట్ పత్రికలో చూపించింది. అంతకాలం వాడుతున్న మందుల లెక్కే మారింది. పెద్దవాళ్ళలో చేయి ఆగకుండా అదురుతుంటే రక్తంలో చక్కెర చూడాలి. షుగరు బాగా పెరిగినా ఇదే రకం అదురు వస్తుంది, తగ్గించగానే పోతుంది. పిల్లల్లో ఇంకో ముళ్ళబాట ఉంది. మైటోకాండ్రియాకు సంబంధించిన ఒక జన్యులోపం అచ్చం ఈ జబ్బులాగే మొదలవుతుంది. ఆ లోపమున్న బిడ్డకు వాల్‌ప్రోయేట్ అనే మామూలు ఫిట్స్ మందు ఇస్తే లివరు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. అందుకే అనుమానమొస్తే ఆ మందు మొదలుపెట్టకముందే జన్యుపరీక్షకు పంపుతారు. మన ఉప్పల్‌లోనే ఉన్న సి.డి.ఎఫ్.డి. లాంటి సంస్థల విలువ అలాంటప్పుడు తెలుస్తుంది.

తర్వాత ఇ.ఇ.జి. "అమ్మా, రేపు పొద్దున పాపకు తలంటు పోసి తీసుకురండి. నూనె మాత్రం పెట్టొద్దు" అని టెక్నీషియన్ ముందే చెప్తుంది. నూనె ఉంటే తీగ అంటదు, అంటకపోతే ఆ యాభై భాగాల అల అందదు. ఆమె చేసే పనిని ఓసారి నిలబడి చూడాలి. ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక బొడిపె దాకా టేపు పెట్టి కొలుస్తుంది. ఒక చెవి ముందు నుంచి రెండో చెవి ముందుకు మళ్ళీ కొలుస్తుంది. ఆ కొలతలో నూటికి పది, నూటికి ఇరవై చొప్పున గుర్తులు పెట్టుకుంటూ పోతుంది. జుట్టు పాయ తీసి, చర్మాన్ని మెల్లగా రుద్ది, పేస్టు పెట్టి ఒక్కొక్క బిళ్ళనే అతికిస్తుంది. కుడివైపు బిళ్ళ అర అంగుళం పక్కకు జరిగినా రెండు పక్కల పోలిక చెడిపోతుంది, లేని తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ పది-ఇరవై కొలత పద్ధతిని ప్రపంచానికి ఇచ్చినవాడు హెర్బర్ట్ జాస్పర్. ఆయనా మాంట్రియల్ సంస్థ మనిషే. ఆ పద్ధతిని వివరించిన వ్యాసం వచ్చింది కూడా 1958లోనే, రాస్మసెన్ ఆ ముగ్గురు పిల్లల గురించి రాసిన ఏడే. జబ్బూ, దాన్ని కొలిచే టేపూ ఒకే భవనం నుంచి ఒకే ఏడాది బయటికొచ్చాయి.

కాగితం మీద ఏం కనిపిస్తుంది? ఎడమసగంలో వయసుకు తగ్గ చక్కటి లయ. కుడిసగంలో ఆ లయ మందగించి, బరువెక్కి, మధ్యమధ్య ముళ్ళలాంటి గీతలు. వింత ఏమిటంటే, వేలు కళ్ళముందే అదురుతున్నా ఇ.ఇ.జి.లో దానికి సరిపోయే ముల్లు ఒక్కోసారి కనిపించదు. అదిరే పొలం అంత చిన్నది, పుర్రె అంత మందం. అనుభవం లేనివారు "ఇ.ఇ.జి. బాగానే ఉంది, ఇది ఫిట్ కాదు, అలవాటు" అనేస్తారు. అనుభవమున్నవారు కాగితాన్ని పక్కన పెట్టి మళ్ళీ వేలినే చూస్తారు.

ఎం.ఆర్.ఐ. చదివే రేడియాలజిస్టు పని నాకు అన్నిటికంటే ఆశ్చర్యం. తొలి వారాల్లో బొమ్మ మామూలుగానే ఉండొచ్చు, కొంచెం వాచినట్టు కూడా ఉండొచ్చు. నెలలు గడిచాక కుడివైపు, చెవి పైభాగంలో మెదడు మడతల మధ్య ఉండే లోయ వెడల్పవుతుంది. ఆ లోయ అడుగున దాగిన ఇన్సులా చుట్టూ ముందుగా కృశించడం మొదలవుతుంది. అక్కడక్కడ తెల్లటి మెరుపు. ఇంకా లోపల, నీటిగది గోడను ఆనుకుని కాడేట్ అనే ముద్ద ఉంటుంది. దాని తలభాగం బాగున్న పక్క గుండ్రంగా ఉబ్బి ఉంటే, జబ్బు పక్క చదునైపోయి, పక్కనున్న నీటిగది కొమ్ము పెద్దదవుతుంది. చూడటం తెలిసిన కన్నుకు ఆ ఒక్క గుండ్రం, ఆ ఒక్క చదును చాలు. అందుకే పాత ఫిల్ములు పారేయకూడదు. ప్లాస్టిక్ కవరులో మడత పడకుండా ఆర్నెల్ల కిందటి ఫిల్ము దాచి తెచ్చే నాన్న కూడా ఈ రోగనిర్ణయంలో భాగస్వామే. ఈ జబ్బు ఒక బొమ్మలో కంటే రెండు బొమ్మల మధ్య ఎక్కువ కనిపిస్తుంది.

2005లో యూరప్ నిపుణులు కూర్చుని రాసిన ప్రమాణాలు ఈ పోలికనే రెండు దారులుగా పేర్చాయి. తొలిదశలో వచ్చినవారికి మూడూ ఉండాలి: ఒకవైపు ఫిట్స్‌తోపాటు ఆ వైపు బలహీనత, ఒకే సగానికి పరిమితమైన ఇ.ఇ.జి. మాంద్యం, ఒకే సగంలో కృశింపుతోపాటు ఆ మెరుపో చదునో. కొంతకాలం గడిచాక వచ్చినవారికైతే ఆగని అదురు లేదా పెరిగే బలహీనత, ఎం.ఆర్.ఐ.లో పెరిగే కృశింపు, మెదడు ముక్కలో కనిపించే సాక్ష్యం, ఈ మూడింట్లో రెండు చాలు. ఎప్పుడు ముక్క తీయాలో, ఎప్పుడు ఆ అవసరమే లేదో చెప్పిన ఆ వివేకం నాకు నచ్చింది. బొమ్మ స్పష్టంగా ఉన్నప్పుడు బిడ్డ పుర్రెకు రంధ్రం పెట్టనక్కర్లేదు.

ముక్క తీస్తే సూక్ష్మదర్శిని కింద ఏముంటుంది? రాస్మసెన్ వైరస్ అనుకున్నాడు. ఎంత వెతికినా నమ్మదగ్గ వైరస్ ఏదీ దొరకలేదు. 1994లో సైన్స్ పత్రికలో ఒక బృందం, మెదడులోని ఒక గ్రాహకానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారైన కుందేళ్ళకు ఫిట్స్ వచ్చాయని రాసింది. ఇక గుట్టు తెలిసిపోయిందనుకున్నారు. ఆ యాంటీబాడీ ఇతర మూర్ఛరోగుల్లోనూ కనిపించింది, ఈ జబ్బున్న చాలామందిలో కనిపించలేదు. ఆ దారి అక్కడే మూసుకుపోయింది. తర్వాత క్రిస్టియన్ బీన్ అనే జర్మన్ న్యూరాలజిస్టూ సహచరులూ పరీక్షించిన ముక్కల్లో నేరస్థులు కంటబడ్డారు. మన రక్షణ కోసం పుట్టిన టి కణాలే నాడీకణాన్ని ఆనుకుని నిలబడి, లోపల దాచుకున్న గ్రాంజైమ్ అనే విషపు గింజల్ని దాని వైపు గురిపెట్టి ఉన్నాయి. ఆ కణాలు దేన్ని చూసి శత్రువనుకున్నాయో, మెదడులో ఒక సగం దగ్గరే ఎందుకు ఆగిపోతాయో ఇంకా ఎవరూ తేల్చలేదు.

గురిపెట్టింది టి కణాలని తెలిశాక మందులకు ఒక దిశ దొరికింది. స్టెరాయిడ్లు, రక్తనాళంలోకి ఎక్కించే ఇమ్యునోగ్లోబులిన్, కిడ్నీ మార్పిడి చేసుకున్నవారు వాడే టాక్రోలిమస్. ఈ చివరి రెండింటినీ పోలుస్తూ జర్మనీలో జరిగిన ప్రయోగ ఫలితాలు 2013లో వచ్చాయి. రెండూ మెదడు కృశించే వేగాన్ని తగ్గించాయి. లొంగని ఫిట్స్‌ను మాత్రం లొంగదీయలేదు. అంటే మందు సమయాన్ని కొనిపెడుతుంది. ఆ కొన్న సమయం ఎవరికి పనికొస్తుంది, ఎవరికి నష్టమవుతుంది అన్నది ఈ వైద్యంలోకెల్లా బరువైన ప్రశ్న.

ఫిట్స్‌ను ఆపగలిగేది శస్త్రచికిత్స ఒక్కటే. జబ్బు పడిన సగాన్ని మంచి సగం నుంచి విడదీయడం. వినగానే తల్లిదండ్రుల గుండె ఆగిపోయే మాట ఇది. ఆ మాట చెప్పే డాక్టరు నష్టాన్ని ముందే లెక్కపెట్టి చెప్పాలి. కుడిసగాన్ని విడదీస్తే ఎడమచేతి వేళ్ళ నాజూకు పని పోతుంది, తిరిగి రాదు. రెండు కళ్ళతోనూ ఎడమవైపు దృశ్యం పోతుంది. నడక మాత్రం చాలామందికి తిరిగొస్తుంది. ఎడమసగం జబ్బుపడితే ఇంకా కష్టం, చాలామందికి మాట అక్కడే ఉంటుంది. అయితే చిన్న వయసులో మెదడు మాటను రెండో వైపుకు బదిలీ చేసుకోగలదు. ఎనిమిదేళ్ళు దాటాక ఎడమసగానికి శస్త్రచికిత్స జరిగిన ఒక కుర్రవాడు, అదివరకు మాటలే రానివాడు, తొమ్మిదో ఏట మాట్లాడటం నేర్చుకున్నాడని లండన్ శాస్త్రవేత్తలు 1997లో రాశారు. అతని జబ్బు వేరు. బిడ్డ మెదడు ఓర్పు మాత్రం అదే. మాట ఏ సగంలో ఉందో తెలుసుకునే పరీక్షల్లో బొమ్మలు చూపించి పేర్లు అడుగుతారు. ఆ ప్రశ్న మన పిల్లలకు తెలుగులోనే వేయాలని నా గట్టి అభిప్రాయం. ఉడుతను స్క్విరల్ అనమంటే దొరికేది బడి పాఠం తాలూకు జాగా. ఇంటి మాట జాగా అదే కానక్కర్లేదు.

ఈ శస్త్రచికిత్స చరిత్రలో నేను రాస్మసెన్‌కు చేతులెత్తి మొక్కే ఘట్టం ఒకటుంది. 1950లో దక్షిణాఫ్రికా సర్జన్ క్రైనౌ, పసితనంలోనే ఒంట్లో ఒకవైపు చచ్చుబడిన పన్నెండు మందికి సగం మెదడును తీసేసిన వివరాలు ప్రచురించాడు. ఫిట్స్ ఉన్నవాళ్ళకు అవి ఆగాయి, లోకమంతా ఆ దారి పట్టింది. ఏళ్ళు గడిచాక అలాంటి కొందరిలో, ఖాళీ అయిన ఆ పెద్ద గుంటలో కొంచెం కొంచెంగా రక్తం ఊరి, ఇనుము తుప్పులా మెదడుకు పట్టి, ప్రాణాలు తీసింది. చాలామంది ఆ ఆపరేషన్‌నే మానేశారు. రాస్మసెన్ తన రోగుల్ని ఏళ్ళ తరబడి వెంబడించి చూశాడు. పూర్తిగా తీసేసిన వాళ్ళకు ఈ ముప్పు వచ్చింది, ముందువైపో వెనకవైపో కొంత మెదడు మిగిల్చిన వాళ్ళకు రాలేదు. అయితే మిగిలినచోట ఫిట్స్ పుడుతున్నాయి. అప్పుడు 1970లలో ఆయనకు తట్టింది: మిగిల్చిన మెదడును అక్కడే ఉంచి, దాని తీగలన్నీ తెంపేస్తే? అంత పెద్ద గుంట ఉండదు, ఫిట్ దాటి రాదు. 1990లలో ఫ్రాన్స్‌లో దెలలాంద్, మాంట్రియల్‌లో విల్మూర్ ఆ ఆలోచనను ఇంకా సన్నటి కోతగా మలిచారు. దాని పేరు హెమిస్ఫెరోటమీ.

అలా చేతికొచ్చిన పని ఎలా ఉంటుందో చూడండి. 18 కిలోల బిడ్డలో మొత్తం రక్తమే లీటరుంపావు. ఒక గ్లాసెడు పోయినా లెక్క మారిపోతుంది, కాబట్టి మత్తు డాక్టరు ప్రతి గుడ్డముక్కలో తడిని కూడా లెక్కిస్తాడు. సర్జన్ చెవి పైన ఎముక కిటికీ తెరిచి, ఇన్సులా చుట్టూ కోసుకుంటూ లోపలి నీటిగదిలోకి దిగుతాడు. మెదడు బతికుండాలంటే రక్తనాళాలు ఉండాలి. వాటిని ఒక్కదాన్నీ గాయపరచకూడదు. నీటిగదిలో నిలబడి పైకి చూస్తే రెండు సగాల్ని కలిపే కార్పస్ కలోసం. అందులో దాదాపు 20 కోట్ల తంతువులున్నాయి. దాని మీదుగా పోయే ధమనిని దారిచూపే గీతగా పట్టుకుని, ముందు నుంచి వెనకదాకా లోపలినుంచే తెంపుతాడు. తర్వాత నుదుటి అడుగున ఉన్న తంతువులు, ఆపైన కణత లోతులోని హిపోకాంపస్, చివరికి ఇన్సులా. ఒక్క సన్నటి వంతెన మిగిలిపోయినా ఆర్నెల్లకు ఫిట్ దాని మీదుగా నడిచొస్తుంది. కోత ముగిశాక ఆ సగం అక్కడే ఉంటుంది, రక్తం అందుతూనే ఉంటుంది. తర్వాత ఇ.ఇ.జి. తీస్తే ఆ పక్క ముళ్ళు కూడా కనిపించవచ్చు. ఆ మంట మాత్రం గడప దాటదు. ఇలా విడదీసిన పిల్లల్లో ఎక్కువమందికి, నూటికి డెబ్బై ఎనభై మంది దాకా, ఫిట్స్ ఆగిపోతాయి.

ఇది పరాయిదేశపు విద్యగా మిగిలిపోలేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో పి. శరత్ చంద్ర, మంజరి త్రిపాఠి బృందం ఇదే పనిని చిన్న కిటికీలోంచి ఎండోస్కోపుతో చేసే పద్ధతిని 2015లో ప్రకటించింది. మన సికింద్రాబాద్ కిమ్స్‌లో సర్జన్ మానస్ పాణిగ్రాహి, న్యూరాలజిస్టు సీతా జయలక్ష్మి బృందం పిల్లల్లో హెమిస్ఫెరోటమీ ఫలితాల మీద 2016లో వ్యాసం రాసింది. నారపల్లి నుంచి ఉప్పల్ రింగురోడ్డు, హబ్సిగూడ, తార్నాక మీదుగా పోతే ఒక సిటీబస్సు ప్రయాణమంత దూరం. ఈ దారిలో ఏళ్ళుగా ఫ్లైఓవర్ స్తంభాల మధ్య ఇరుక్కుంటూ పోయేవాళ్ళకు ఆ దూరం తక్కువేం కాదు, అయినా చేరగల దూరమే.

ఆపరేషన్ తర్వాత పని ఫిజియోథెరపిస్టుది, ఆపైన అమ్మది. మొదటి రోజుల్లో జ్వరం, వాంతులు, చిరాకు. ఎడమకాలు వేలాడుతుంది. కొన్ని వారాలకు గోడ పట్టుకుని, తర్వాత పట్టుకోకుండా నడక. ఎడమచేయి కాగితాన్ని నొక్కిపట్టే పనికి, కుడిచేయి రాసే పనికి. బడిలో ఎక్కడ కూర్చోబెట్టాలన్నది కూడా వైద్యంలో భాగమే. ఎడమవైపు దృశ్యం లేని పాప తరగతిలో ఎడమచివర కూర్చుంటే బోర్డంతా తన కుడివైపుకు వస్తుంది, కనిపిస్తుంది. కుడిచివర కూర్చోబెడితే సగం పాఠం కనిపించదు, టీచరు మొద్దు అనుకుంటుంది.

ఇక వరంగల్ రోడ్డు దాటడం. డివైడరు దాకా బళ్ళు కుడివైపు నుంచి వస్తాయి, ఆ సగం పాపకు బాగా కనిపిస్తుంది. డివైడరు దగ్గర అమ్మ ఆపుతుంది. ఇక్కడినుంచి బళ్ళు ఎడమ నుంచి వస్తాయి. "తల తిప్పమ్మా. ఇంకా. గడ్డం భుజానికి తగలాలి." పాప తల తిప్పుతుంది, లారీ పోనిస్తుంది, వరుసగా మూడు ఆటోలు పోనిస్తుంది. మళ్ళీ ఒకసారి గడ్డం భుజానికి ఆనించి చూసి, అమ్మ చెయ్యి పట్టుకుని అడుగు వేస్తుంది.